నా మీటరులో ముప్పై కిలోల పిల్ల

నేను ఒక సైకిల్‌ని, ఎక్కడికీ వెళ్ళని సైకిల్‌ని. ముందు ఒక బరువైన ఇనుప చక్రం, రెండు పెడళ్ళు, పైన సీటు, హ్యాండిలు మధ్యలో అరచేతిలో ఇమిడేటంత మీటరు. నన్ను తొక్కేవాళ్ళు చెమటలు కక్కేలా తొక్కి, ఎక్కినచోటే దిగుతారు. దిగేముందు ప్రతివాళ్ళూ మీటరు వైపు వంగి, ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో చూసుకుంటారు. దారి సాగకపోయినా అంకె సాగితే వాళ్ళకు తృప్తి. ఆ అంకె నా నోటి నుంచి వచ్చే ఒకే ఒక్క మాట. దాన్ని అంతగా నమ్మకండి అని చెప్పడానికి నాకు రెండో మాట లేదు.

హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో నన్ను తయారుచేశారు. గొట్టాలు అతికి, నల్లరంగు పూసి, అన్నిటికంటే చివర మీటరు తెచ్చి బిగించారు. బిగిస్తున్న అమ్మాయి పక్కనున్న అమ్మాయితో, "ఇది ఎవరు ఎక్కినా ఎంత కరిగిన్రో చెప్తదంట" అంది.

"దానికెట్ల తెలుస్తదే?" అని పక్కమ్మాయి నవ్వింది. "లోపల ఒక మనిషిని పెట్టిన్రు. డెబ్బై కిలోల మనిషి. బరువు మార్చకుంటే ఎవరెక్కినా వాని లెక్కే చెప్తది."

నా గురించి అంత నిజం చెప్పినవాళ్ళు మళ్ళీ నాకు తగల్లేదు. నా మీటరుకు తెలిసినవి రెండే. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో తెలుసు. లోపల రాసిపెట్టిన బరువు ఎంతో తెలుసు. ఆ రెంటినీ గుణించి ఒక అంకె చూపిస్తుంది. నా ముందు గొట్టానికి ఒక ఎర్ర మర ఉంది. దాన్ని బిగిస్తే చక్రం మొరాయిస్తుంది, తొక్కేవాడికి రెట్టింపు శ్రమ. మర బిగించారో వదిలారో మీటరుకు తెలియదు. ఎక్కినవాడు నవ్వుతున్నాడో, నీరసంగా ఉన్నాడో, పొద్దున్నుంచి ఏమైనా తిన్నాడో అసలే తెలియదు.

మొదట రాజమండ్రిలో ఒక వ్యాయామశాలలో ఉన్నాను. అక్కడ నా అంకెను వెంటనే తినుబండారాల్లోకి మార్చుకునేవారు. బంగారం కొట్టు పెట్టుకున్న ఒక భారీ మనిషి రోజూ నన్ను ఎక్కి మూలిగించేవాడు. దిగి, ఆయాసపడుతూ, "నూట ఎనభై! అంటే ఎంతరా?" అని బావమరిదిని అడిగేవాడు.

"ఒక పూతరేకూ, అర కాజా బావా."

"మరి నిలబడ్డావేం? పద!"

అలా కరిగించినదంతా వీధి చివర మళ్ళీ నింపుకుని, మర్నాడు అదే ఉత్సాహంతో వచ్చేవాడు. నా అంకె తప్పని నాకు తెలుసు. ఆయన నూటపది కిలోల మనిషి, లోపలున్నది డెబ్బై కిలోల మనిషి. అయినా ఆ తప్పు వల్ల ఆయనకు పోయిందేమీ లేదు. మనుషులు తమకు నచ్చిన సాక్షిని తెచ్చుకుని, తమకు నచ్చిన సాక్ష్యం చెప్పించుకుంటారు, అంతే కదా అనుకున్నాను. నా అంకె మీద ప్రాణం ఆధారపడే ఇల్లొకటి ఉంటుందని అప్పుడు నాకు తోచలేదు.

వ్యాయామశాలకు కొత్త యంత్రాలు రావడంతో నన్ను భాస్కరం కొన్నాడు. ఆయనది రామచంద్రపురం, తపాలా ఆఫీసులో ఉద్యోగం. ట్రాలీ ఆటోలో తెచ్చి, ముందుగదిలో కిటికీ పక్కన దింపాడు. ఆ ఇంట్లో నలుగురు. భాస్కరం, ఆయన భార్య సత్యవేణి, తల్లి మాణిక్యాంబ, కూతురు వకుళ. వకుళ ఇంటర్ రెండో ఏడు. నన్ను తెచ్చింది ఆమె కోసమే.

వకుళకు పదో తరగతిలోనే సుగరు వచ్చింది. ముసలివాళ్ళకు వచ్చే రకం కాదు, తిండికి ముందు ప్రతిసారీ ఇన్సులిన్ సూది వేసుకోవలసిన రకం. డాక్టరు సైకిలు తొక్కడం మంచిదన్నాడు. తొక్కే ముందు వేలు పొడిచి రక్తంలో సుగరు చూడమన్నాడు. శ్రమను బట్టి ముందుగా కొంత తినిపించమన్నాడు. చల్లటి చెమట పట్టినా, మాట తేడాగా వచ్చినా సుగరు మరీ పడిపోయినట్టేనని, ఇంకేమీ ఆలోచించకుండా పంచదార పెట్టమన్నాడు. ఈ మాటలు సత్యవేణి నా ముందే అత్తగారికి అప్పజెప్పింది. మాణిక్యాంబ అన్నిటికీ తల ఊపింది.

వకుళ మొదటిసారి ఎక్కినప్పుడు నా సీటు కింది స్ప్రింగు మెత్తగా కుంగింది. మనిషి బరువు నాకు తెలిసేది అక్కడే. యాభై కిలోలకు కాస్త పైమాట. కానీ స్ప్రింగుకు తెలిసిన సంగతి మీటరుకు చెప్పే తీగ ఏదీ నా ఒంట్లో లేదు.

"వకుళా, నీ బరువెంతమ్మా? ఇందులో కొట్టాలి" అన్నాడు భాస్కరం, మీటరు మీద వేలు పెట్టి.

వకుళ నోరు తెరవబోయింది. "నోర్ముయ్యవే!" అని మాణిక్యాంబ లోపలి నుంచి వచ్చింది. "ఎదిగిన పిల్ల తూకం పైకి చెప్తార్రా ఎవరైనా? దిష్టి తగలదూ?"

"అమ్మా, ఇది మిషను. దీనికి కళ్ళుంటాయా?"

"దీనికుండవు. ఇంటికొచ్చి దీన్ని చూసేవాళ్ళకుండవా? తగ్గించు."

భాస్కరం డెబ్బై నుంచి తగ్గించుకుంటూ వచ్చాడు. యాభై దగ్గర వేలు ఆగింది.

"ఇంకా తగ్గించు."

"తప్పు లెక్క చూపిస్తుందే అమ్మా."

"చూపించనీ. తక్కువ చెప్తే పోయేదేముందిరా?"

ముప్పై దగ్గర మీటరు కీచుమని అరిచి ఆగిపోయింది. అంతకంటే తగ్గడానికి నాలో వీల్లేదు. ఉంటే మాణిక్యాంబ ఏడుకో ఎనిమిదికో దించేదేమో. అలా నాలోంచి డెబ్బై కిలోల మగమనిషి వెళ్ళిపోయి, ముప్పై కిలోల చిన్నపిల్ల వచ్చి కూర్చుంది.

ముసలమ్మ చాదస్తం అని నేనూ అనుకున్నాను. కొన్నాళ్ళ తర్వాత పక్కింటి శేషారత్నం నా సీటు మీద చేయి ఆన్చి నిలబడి అడిగితే, సత్యవేణి గొంతు తగ్గించి చెప్పింది. వకుళకు ముందు ఈ ఇంట్లో ఇంకో పిల్ల పుట్టింది. ఆ పిల్లకు టీకా వేయించడానికి తీసుకెళ్ళిన రోజు నర్సు తూకం వేసి, "ఈ వీధిలో ఇంత బరువున్న పిల్ల లేదమ్మా!" అంది. మాణిక్యాంబ మనవరాలిని చంకనేసుకుని, దారిపొడుగునా ప్రతి గుమ్మం ముందూ ఆగి ఆ తూకం చెప్పుకుంటూ వచ్చింది. ఆ నెల తిరగకుండానే పిల్లకు జ్వరం వచ్చింది, తగ్గలేదు.

"జ్వరానికీ తూకానికీ సంబంధమేంటని నేనొక్కనాడూ ఆవిణ్ణి అడగలేదు వదినా" అంది సత్యవేణి. "అడిగితే ఆవిడ దగ్గరింకేం మిగులుతుంది?"

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ తూకం మాట ఎత్తలేదు. డాక్టరు దగ్గర బరువు చూసినప్పుడు కూడా మాణిక్యాంబ మనవరాలి ముందు కొంగు అడ్డం పట్టుకుని, ముల్లును తానొక్కతే చూసేదట.

ఇంక నా భయం మొదలైంది. సత్యవేణి కొన్నాళ్ళు డాక్టరు చెప్పినట్టే, నన్ను ఎక్కే ముందు కూతురి వేలు పొడిచి రక్తపు చుక్క చూసింది. కానీ పొడిచినప్పుడల్లా ఆమె చెయ్యే ఎక్కువ వణికేది. వకుళ వేళ్ళ చివరలు జల్లెడలా అయిపోయాయి. ఒక రోజు సత్యవేణి ఆ సూది పక్కన పెట్టేసి, "ఇంత పెద్ద మిషను లెక్క చెప్తుంటే నీ వేలు పొడవడమెందుకే? నిన్న ఎంత కరిగిందో చూసి ఇవాళ అంత పెడతాను, సరిపోతుంది" అంది. వకుళ బతికానురా దేవుడా అంది. ప్రేమతో చేసిన పని చూస్తే కోపం రాదు, భయమే వేస్తుంది.

మీటరులో ఉన్నది ముప్పై కిలోల పిల్ల. ఎంత తొక్కినా ఆ చిన్నపిల్ల ఖర్చే కనిపిస్తుంది. "తొంభయ్యేనా? అయితే రెండు బిస్కట్లు చాలు" అనేది సత్యవేణి. ఎక్కువ పెడితే సుగరు పెరిగి పిల్ల కళ్ళు పాడవుతాయని ఆమె దిగులు. వకుళకేమో ఆకలి. అంకె పెరిగితేనే తిండి పెరుగుతుందని ఆమెకు అర్థమైంది. గట్టిగా తొక్కితే త్వరగా పెరుగుతుందేమోనని ఎర్ర మర కొద్దిగా బిగించింది. అంకె పెరగలేదు. ఇంకొంచెం బిగించింది. మర సంగతి మీటరుకు తెలియదని చెప్పేవాళ్ళెవరు? చక్రం బరువెక్కింది, పిల్ల చుట్లు తగ్గాయి, అంకె ఇంకా నెమ్మదించింది, తిండి ఇంకా తగ్గింది. ఒక్కోరోజు దిగేటప్పుడు ఆమె మోకాళ్ళు వణికేవి. హ్యాండిలు పట్టుకుని కాసేపు నిలబడి, "ఏం లేదు, తిమ్మిరి" అని తనకు తనే చెప్పుకునేది. రేపు ఎక్కకపోతే బాగుండును అనుకునేవాణ్ణి. నా పుట్టుకలో అంతకంటే విచిత్రమైన కోరిక ఇంకొకటి ఉంటుందా! తొక్కడానికి చేసిన యంత్రం, తొక్కవద్దని మొక్కుకోవడం.

ఆ ఆదివారం పక్కింట్లో శేషారత్నం మనవరాలికి బారసాల. సాయం చేయడానికి భాస్కరం, సత్యవేణి ముందే వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ సత్యవేణి గుమ్మంలో ఆగి, "సూది వేసుకుని అన్నం తిను. సైకిలు తొక్కేసి వచ్చెయ్. నూరొస్తే ఒక బూరె. రాకపోతే వాసన చూసి వద్దువుగాని" అంది.

"నూట యాభై తెచ్చి రెండు తింటాను చూడు!" అంది వకుళ.

ఆమె సూది వేసుకుంది. అన్నం మాత్రం రెండు ముద్దలు తిని లేచింది, బూరెలకు చోటుంచుకోవాలని. నన్ను ఎక్కి, మర బాగా బిగించింది. మాణిక్యాంబ వీధి అరుగు మీద చేటలో చింతపండు వేసుకుని గింజలు తీస్తోంది. పక్కింటి సన్నాయి, మైకులో మాటలు కిటికీలోంచి హోరుగా వస్తున్నాయి.

"మామ్మా, నీకూ ఒక బూరె తెచ్చిపెట్టనా?"

"పళ్ళు లేనిదాన్ని, నాకెందుకే? నువ్వు తిను. అందరి ఎదురుగా తినకు, మీ అమ్మ కొంగు చాటున తిను."

"బూరె కూడా దొంగతనంగానే తినాలా నేను?" అని వకుళ నవ్వింది. అది ఆమె నవ్వే. అది విని నేను కాస్త స్థిమితపడ్డాను.

కాసేపు తొక్కింది. మీటరు మీద ఒక చెమట చుక్క పడింది. ఎన్నో వందల మంది చెమట నా మీద పడింది. చెమట వెచ్చగా ఉంటుంది. ఇది నీళ్ళకుండ మీది తడిలా చల్లగా ఉంది.

"మామ్మా, కిటికీ ఎందుకు ఊగుతోంది?"

"కిటికీ ఊగడమేంటే?"

"కిటికీ కాదు, నువ్వే ఊగుతున్నావు." వకుళ మళ్ళీ నవ్వింది. ఈసారి ఆ నవ్వు ఆమెది కాదు. ఎవరో పరాయివాళ్ళు ఆమె గొంతులోంచి నవ్వినట్టుంది.

"పెద్దదాన్ని పట్టుకుని వేళాకోళాలు" అని మాణిక్యాంబ గింజలు తీస్తూనే ఉంది.

వకుళ మీటరు మీదికి వంగింది. కళ్ళు అంకె మీద నిలవడం లేదు. "నూరవ్వవేం? అవ్వు. అవ్వవే నువ్వు" అని దాన్ని బతిమాలింది. అంకె డెబ్బై దాటి కాస్త ముందుకు వెళ్ళింది. ఆ శరీరం అప్పటికి ఎంత ఖర్చుపెట్టిందో స్ప్రింగుకూ, మరకూ, నాకూ తెలుసు. మీటరు మాత్రం ముప్పై కిలోల పిల్ల లెక్క వేస్తూ పోయింది. పిచ్చిది, అది అబద్ధమాడటం లేదు. ఇచ్చిన బరువుకు సరైన జవాబే చెబుతోంది.

పెడలు మీద కాలు జారింది. స్ప్రింగు ఒక్కసారిగా పైకి లేచింది. వకుళ పక్కకు ఒరిగి నేల మీద పడింది, ఒక పాదం ఇంకా నా పెడలు పట్టీలోనే చిక్కుకుని ఉంది. చక్రం రెండు చుట్లు తిరిగి ఆగింది.

చప్పుడు ఆగిపోవడంతో మాణిక్యాంబ తలెత్తి, చేట వదిలేసి లోపలికి వచ్చింది. "వకుళా! అమ్మడూ!" అంది. వకుళ కళ్ళు సగం తెరిచే ఉన్నాయి, చూపు లేదు. ముసలమ్మ గోడవైపు తిరిగి "సత్యవేణీ! ఒరే భాస్కరం!" అని కేకేసింది. సన్నాయి హోరులో ఆ కేక కిటికీ కూడా దాటలేదు. ఆమె వంటింట్లోకి పరుగెత్తింది.

డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చింది, పంచదార కోసం వెళ్ళిందని ప్రాణం లేచి వచ్చింది నాకు.

ఆమె గుప్పిట్లో రాళ్ళ ఉప్పూ, ఎండుమిరపకాయలూ పట్టుకుని వచ్చింది.

నేను యంత్రాన్ని. గుండె లేదు. కానీ ఆ క్షణంలో నాలో ఆగిపోయినదేమిటో నాకు తెలియదు. మాణిక్యాంబ మనవరాలి తల దగ్గర నిలబడి, గుప్పిటను చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంది. తిప్పింది. "వీధిలోవాళ్ళ దిష్టి" అంది. వకుళ ఊపిరి గురకలా మారింది. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయింది. "ఇంట్లోవాళ్ళ దిష్టి" అంది. మళ్ళీ తిప్పింది. ఇక ఒక్క మాటే మిగిలింది.

"నా దిష్టి" అంది. అని, ఆగిపోయింది.

గుప్పిట గాల్లో నిలిచిపోయింది. ఆమె మనవరాలి ముఖం వంక చూసింది. ఖాళీ చెయ్యి చాపి ఆ మెడ మీద పెట్టింది. చల్లగా తగిలి ఉంటుంది. ఉలిక్కిపడి చెయ్యి తీసింది. గుప్పిట తెరుచుకుంది, ఉప్పు రాళ్ళు నేల మీద చిమ్మాయి. ఆ వయసులో ఆమె అలా పరుగెత్తగలదని నేననుకోలేదు. పంచదార డబ్బా మూత ఎక్కడో పడి దొర్లిన చప్పుడయింది. వచ్చి చతికిలబడి, పిల్ల తలను ఒక పక్కకు తిప్పి ఒళ్ళో పెట్టుకుని, తడివేలికి పంచదార అద్ది, బుగ్గ లోపల చిగుళ్ళకు రాసింది. సగం నోట్లోకి, సగం నేల మీదికి. మళ్ళీ రాసింది. మళ్ళీ. ఏ మంత్రమూ అనలేదు. "తినవే, తినవే, ఎంతైనా తినవే తల్లీ" అంటూ ఉంది.

చాలాసేపటికి వకుళ నాలుక కదిలి, ఆ వేలిని వెతుక్కుంది. అప్పుడు మాణిక్యాంబ గుమ్మంలోకి వెళ్ళి పెట్టిన కేక సన్నాయిని కూడా ఆపేసింది.

మనుషులు వచ్చారు, ఆటో వచ్చింది, అందరూ వెళ్ళిపోయారు. తలుపులు కూడా వేయలేదు. తొక్కేవాళ్ళు లేరనుకుని నా మీటరు దానంతటదే ఆరిపోయింది. ఖాళీ ఇంట్లో నేనొక్కణ్ణే ఉన్నాను. నేల మీద ఉప్పూ పంచదారా కలిసిపోయి తెల్లగా పడి ఉన్నాయి. చీమలు బారులు కట్టి వచ్చాయి. ఒక్కో గింజనూ తడిమి చూసి, ఉప్పును వదిలేసి, పంచదారను మోసుకుపోయాయి. ఆ పిల్ల వెనక్కి వస్తుందో రాదో తెలియకుండా నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. నా వల్ల ఒక మనిషి పోయిందనే మాట నా మీద పడుతుందని కాదు నా భయం. యంత్రాన్ని ఎవరూ ఏమీ అనరు. ఆ బరువుకు నా సీటు మళ్ళీ కుంగదేమో, అదీ నా భయం.

వచ్చింది. నడిచే వచ్చింది. మర్నాడు శేషారత్నం పరామర్శకు వచ్చినప్పుడు సత్యవేణి చెప్పింది. ఆసుపత్రిలో డాక్టరు పిల్ల బరువెంత అని అడిగితే, భాస్కరం తల్లి ముఖం వంక చూశాడట. మాణిక్యాంబ ముందుకు వచ్చి, "యాభై రెండు కిలోల మూడు వందల గ్రాములు" అందట. వరండాలో ఉన్న అందరికీ వినబడేలా. అని, అక్కడే గోడకు ఆనుకుని కూలబడిపోయిందట.

"అంత కచ్చితంగా ఎలా తెలుసు ఆవిడకి?" అంది శేషారత్నం.

"ఎవరికీ చెప్పనంత మాత్రాన ఆవిడకు తెలియదనుకున్నామా వదినా! ముల్లు చూసేది ఆవిడొక్కతే కదా!" అంది సత్యవేణి.

భాస్కరం నన్ను పాత ఇనుము కొట్టుకు వేసేస్తానన్నాడు. నాకు నిజంగా సంతోషం కలిగింది. వకుళే ఒప్పుకోలేదు. "దాన్నెందుకు నాన్నా అంటారు? అది నా బరువు అడిగింది. మనమే చెప్పలేదు."

"పోనీ ఇప్పుడు సరైన బరువు కొడతాను."

"కొట్టినా అది అంచనాయే. నా ఒంట్లో ఎంత సుగరుందో దానికేం తెలుసు?" అని, మీటరు వెనక మూత తీసి, రెండు బ్యాటరీలూ లాగేసింది. ఒక అద్దం ముక్కలా మిగిలింది నా మీటరు. లోపలి పిల్ల ఎక్కడికి పోయిందో తెలియదు.

ఇప్పుడు వకుళ తన వేలు తనే పొడుచుకుంటుంది. చుక్క చూసుకుని, తినవలసినది తిని, మర వదులు చేసుకుని ఎక్కుతుంది. మాణిక్యాంబ ముక్కాలిపీట నా పక్కకు లాక్కుని కూర్చుంటుంది. ఆమెది ఒకటే పద్ధతి. మనవరాలిని మాట్లాడిస్తూ ఉంటుంది. మాట తేడా వస్తే తెలుస్తుందని ఆమె లెక్క. కాలేజీ సంగతులు అడుగుతుంది, వకుళ స్నేహితురాళ్ళను వెక్కిరిస్తుంది, కావాలని తగువు పెట్టుకుంటుంది. వకుళ విసుక్కుంటూ జవాబు చెబుతుంది. ఆ విసుగు వింటూ నేను చక్రం తిప్పుతాను.

నిన్న సాయంత్రం మాణిక్యాంబ, "రేపు ఏం కూర వండమంటావే?" అని అడిగింది.

జవాబు రాలేదు.

చక్రం తిరుగుతూనే ఉంది. సీటు మీద బరువు అలాగే ఉంది. కానీ మాట రాలేదు. ముసలమ్మ పీట మీంచి సగం లేచింది. "వకుళా!"

"అబ్బ, ఉండవే మామ్మా! మంచినీళ్ళు తాగుతున్నాను. గొంతులో నీళ్ళుండగా కూర పేరెలా చెప్పను? వంకాయ."

మాణిక్యాంబ కూర్చుంది. పీటను ఇంకాస్త నా దగ్గరకు జరుపుకుని, "పులుసా, వేపుడా?" అంది. వకుళ తొక్కుతూనే ఉంది.